యిన్ యోగా నేర్పే టీచర్లకు శిక్షణ: 50 గంటల్లో దేనికెంత? (నలుగురి చర్చ, పేర్లు వాళ్ళ మారుపేర్లు)

సమస్థితి:

హఠ, విన్యాస (ఆసనం నుంచి ఆసనానికి ఊపిరితో పాటు కదిలే పద్ధతి) క్లాసులు ఇప్పటికే చెబుతున్న 12 మంది ఇన్‌స్ట్రక్టర్లకు యిన్ యోగా (కండరం వదులు చేసి ఒక్కో ఆసనంలో కొన్ని నిమిషాలు కదలకుండా ఉండే పద్ధతి) మాడ్యూల్ తయారుచేస్తున్నాను. అందరూ 200 గంటల యోగా టీచర్ కోర్సు పూర్తిచేసినవాళ్ళే. మాడ్యూల్ మొత్తం 50 గంటలు. నేను వేసుకున్న లెక్క ఇది: అనాటమీ 20, ఆసనాలు 14, సంప్రదాయం, మెరిడియన్లు (చైనా సంప్రదాయం చెప్పే శక్తి దారులు) కలిపి 8, సొంత సాధన 6, బోధన అభ్యాసం 2.

నమూనా క్లాసుల్లో కనిపించిన ఇబ్బందులు:

ట్రైనీలు నోరు ఆపడం లేదు. 5 నిమిషాల ఆసనంలో 5 నిమిషాలూ మాట్లాడుతున్నారు.

స్లీపింగ్ స్వాన్‌ను (ఒక కాలు ముందు మడిచి, రెండోది వెనక్కి చాచి, ముందుకు వాలే ఆసనం) హఠలో పావురం భంగిమ దిద్దినట్టు దిద్దుతున్నారు. ముందు కాలి పిక్క ఎముక మ్యాట్ అంచుకు సమాంతరంగా ఉండాలని, తుంటి రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉండాలని పట్టుబడుతున్నారు.

60 నిమిషాల క్లాసుకు 10 ఆసనాలు రాసుకొచ్చి, ఆరో దానికే టైమ్ అయిపోయి శవాసనం కోసేస్తున్నారు.

స్టూడెంట్ "ఏదోలా ఉందండి" అంటే "ఊపిరి అక్కడికి పంపండి" అని దాటేస్తున్నారు. అన్నిటికంటే నన్ను భయపెడుతున్నది ఇదే.

ఎక్కడ సరిచేయాలి?

నెమ్మది:

ముందు మీ లెక్కలోనే ఒక చిక్కుంది. బోధన అభ్యాసానికి 2 గంటలంటే 120 నిమిషాలు. 12 మందికి పంచితే మనిషికి 10 నిమిషాలు. యిన్‌లో ఒక ఆసనంలోకి వెళ్ళడానికి నిమిషం, ఉండటానికి 5, బయటికొచ్చి విశ్రాంతికి ఒకటి పోతే 7 నిమిషాలు. అంటే ప్రతి ట్రైనీ కోర్సు మొత్తంలో ఒక్క ఆసనం చెప్పి ఇంటికి వెళ్తారు. ఆ తర్వాత వాళ్ళు క్లాసులో ఏం చేస్తారో మీరు ఇప్పటికే చూశారు.

నేనైతే ఇలా పంచుతాను: సాధన 10, అనాటమీ 8, ఆసనాల ల్యాబ్ 12, క్లాసు అల్లిక (ఆసనాల వరస కూర్చడం) 4, మాట–మౌనం 3, సంప్రదాయం 3, బోధన అభ్యాసం 10. ఆ 10 గంటలూ ముగ్గురేసి చొప్పున 4 గుంపులు ఒకేసారి పనిచేయాలి. ఒకరు చెబుతారు, ఒకరు చేస్తారు, మూడోవారు గడియారం పట్టుకుని రాసుకుంటారు. అప్పుడు మనిషికి 3 గంటల 20 నిమిషాలు దొరుకుతాయి. సగం సమయం ఫీడ్‌బ్యాక్‌కు పోయినా 100 నిమిషాల అసలు బోధన మిగులుతుంది. 4 గుంపులను ఒక్కరే చూడలేరు కాబట్టి కనీసం ఇద్దరు ట్రైనర్లు కావాలి.

సాధన 6 గంటలు చాలదని ఎందుకంటున్నానంటే, నాలుగో నిమిషంలో మనసు ఎలా గింజుకుంటుందో ఒంటికి తెలియని టీచర్ ఆ నిమిషంలోనే మాటలు మొదలుపెడతారు. నిశ్శబ్దం స్టూడెంట్ కంటే ముందు టీచర్‌కే ఇబ్బందిగా ఉంటుంది. మీరు రాసిన మొదటి సమస్యకు మూలం అక్కడుంది.

దానికి నేను వాడే కసరత్తు. 5 నిమిషాల ఆసనాన్ని ఇలా విడగొట్టి ఇస్తాను:

మొదటి 60 సెకన్లు: ఆసనంలోకి ఎలా వెళ్ళాలి, సాగుడు ఎక్కడ తెలియాలి, తెలియకపోతే లేదా ఎక్కువైతే ఏం మార్చుకోవాలి. ఈ మూడే.

తర్వాత 90 సెకన్లు: ఒక్క మాట కూడా లేదు. టీచర్ కళ్ళే పనిచేయాలి.

రెండున్నర నిమిషాల దగ్గర: ఒకే ఒక వాక్యం. "మొదట్లో ఉన్న బిగువు ఇప్పుడు తగ్గిందేమో చూసుకోండి, తగ్గితే ఇంకొంచెం దిగండి, లేకపోతే అక్కడే ఉండండి."

మళ్ళీ మౌనం. 4 నిమిషాల 30 సెకన్ల దగ్గర "ఇంకో అర నిమిషం". 5 నిమిషాలకు బయటికి రావడం ఎలాగో, ఏ చెయ్యి ముందు, ఏ కాలు ముందు అన్నది స్పష్టంగా.

మూడోవారు మాటలు లెక్కపెట్టాలి. 5 నిమిషాల్లో 150 మాటలు దాటితే అదే ఆసనం మళ్ళీ చెప్పించండి. ఇదేమీ శాస్త్రం తేల్చిన అంకె కాదు, శిక్షణ కోసం పెట్టుకున్న గీత. రెండో రోజుకే తేడా వినిపిస్తుంది.

ఇంకో నియమం: ట్రైనీ ఆసనంలో ఉండిపోకూడదు. 30 సెకన్లు చేసి చూపించి లేవాలి. తల వంచి కూర్చున్న టీచర్‌కు వెనక వరుసలో పళ్ళు బిగించుకున్న మనిషి కనిపించరు. టైమర్ గంట మోగకూడదు, ఎదురుగా సెకన్ల ముల్లున్న గడియారం చాలు.

ఎముకలగూడు:

స్లీపింగ్ స్వాన్ సంగతి నేను చెబుతాను. ఇది ఒక్క ఆసనం సమస్యలా కనిపిస్తుంది కానీ యిన్ శిక్షణంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

హఠ టీచర్ కన్ను ఆకారం కోసం వెతుకుతుంది. యిన్ టీచర్ అడగాల్సింది "ఈ మనిషికి ఎక్కడ తెలుస్తోంది?" అని. ప్రతి ఆసనానికీ ఒక లక్ష్య భాగం ఉంటుంది. స్లీపింగ్ స్వాన్‌కు అది ముందు కాలి పిరుదు, తుంటి బయటి వైపు. అక్కడ తెలిస్తే ఆసనం సరైనదే, కాలు ఏ కోణంలో ఉన్నా సరే. యిన్ యోగా టీచర్ పాల్ గ్రిల్లీ ఈ పద్ధతిని 14 అస్థి భాగాలు, 10 కండర సమూహాలు అని విడమరిచి నేర్పుతారు. మీ కోర్సులో ఆ పేరు పెట్టినా పెట్టకపోయినా ఆలోచన మాత్రం అదే ఉండాలి.

పిక్క ఎముకను మ్యాట్ అంచుకు సమాంతరంగా పెట్టమనడం ఎందుకు ప్రమాదం? ఆ స్థితికి తుంటి కీలు బయటికి చాలా తిరగాలి. ఎంత తిరుగుతుందనేది తొడ ఎముక మెడ కోణం మీద, తుంటి గిన్నె (తొడ ఎముక తల కూర్చునే గుంట) ఎటు చూస్తోందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఆ ఎముక మెడ ముందుకు తిరిగి ఉండే కోణం పెద్దవాళ్ళలో సగటున 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, మనిషికీ మనిషికీ తేడా చాలా ఎక్కువ. ఎముకకు ఎముక తగిలాక తుంటి ఇక తిరగదు. మిగిలిన మెలిక మోకాలు తీసుకుంటుంది. మోకాలు ప్రధానంగా మడతకీలు, ఆ మెలికను 4 నిమిషాలు మోయడం దాని పని కాదు.

దీన్ని ఉపన్యాసంగా చెప్పకండి, చేయించండి. జంటలుగా ఒకరు బోర్లా పడుకుని మోకాళ్ళు 90 డిగ్రీలు మడవాలి. రెండు పాదాలనూ బయటికి వదిలేస్తే తుంటి లోపలికి తిరుగుతుంది. ఒక్కో పాదాన్నీ లోపలికి వదిలితే బయటికి తిరుగుతుంది. రెండో వ్యక్తి ఎంత దూరం వెళ్ళిందో, కుడి ఎడమలకు తేడా ఉందో రాసుకోవాలి. 12 మంది ఫలితాలు బోర్డు మీద వరసగా రాయండి. పాదాలు దాదాపు నేలదాకా పడిపోయేవాళ్ళు, కాస్త కదిలి ఆగిపోయేవాళ్ళు అదే గదిలో కనిపిస్తారు. ఆ బోర్డు చూశాక "తుంటి సమానంగా పెట్టండి" అనే మాట వాళ్ళ నోట రాదు.

ఇక స్లీపింగ్ స్వాన్ దిద్దే వరస:

మొదట, ముందు కాలి మోకాలిలో ఏమైనా తెలుస్తోందా? తెలిస్తే మడమను గజ్జ వైపు లాక్కోవాలి, అంటే మోకాలు ఇంకా మడవాలి. ముందు కాలి పిరుదు కింద మడత దుప్పటో బ్లాకో పెట్టాలి. అయినా మోకాలు చెబుతుంటే ఆసనమే మార్చాలి: వెల్లకిలా పడుకుని చీలమండను ఎదుటి తొడ మీద పెట్టుకోవడం. లక్ష్యం అదే, మోకాలి మీద శరీరం బరువు ఉండదు.

మోకాలు హాయిగా ఉండి పిరుదులో ఏమీ తెలియకపోతే, అప్పుడు మాత్రమే మడమను ముందుకు జరపడం, లేదా ఛాతీని ముందు కాలి పిక్క మీదికి వంచడం.

గజ్జ ముందు భాగంలో గిల్లినట్టు, గుచ్చినట్టు ఉంటే అది సాగడం కాదు, కీలు ముందంచు నొక్కుకుపోవడం. దుప్పటితో ఎత్తు పెంచి, వంగడం తగ్గించి, మోకాలిని కొంచెం బయటికి జరపండి. ఊపిరి పంపితే పోయేది కాదు ఇది.

ఇలాంటి వరస ప్రతి ముఖ్య ఆసనానికీ ట్రైనీలే రాయాలి. 12 గంటల ల్యాబ్‌లో 12 ఆసనాలు చాలు: బటర్‌ఫ్లై (కూర్చుని పాదాలు కలిపి ముందుకు వంగడం), హాఫ్ బటర్‌ఫ్లై, క్యాటర్‌పిల్లర్ (కాళ్ళు చాచి కూర్చుని ముందుకు వంగడం), డ్రాగన్‌ఫ్లై, స్ఫింక్స్ (బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపడం), శాడిల్, డ్రాగన్, స్లీపింగ్ స్వాన్, షూలేస్ (కూర్చుని మోకాలి మీద మోకాలు పెట్టడం), మెల్టింగ్ హార్ట్ (మోకాళ్ళ మీద ఉండి చేతులు ముందుకు చాచి ఛాతీ దించడం), బనానా, పడుకుని మెలిక. గంటకొకటి. 30 ఆసనాల పేర్లు వచ్చిన టీచర్ కంటే ఈ 12ను ఒక్కోదాన్ని నాలుగు రకాలుగా మార్చగలిగిన టీచర్ దగ్గర స్టూడెంట్లు క్షేమంగా ఉంటారు.

శ్వాసలెక్క:

60 నిమిషాల సమస్యకు జవాబు కూడికే. ట్రైనీలు ఆసనం ఉండే సమయం మాత్రమే కూడతారు. రెండో పక్క చేయాలని, దుప్పట్లు సర్దుకోవాలని, మధ్యలో విశ్రాంతి ఉందని మరిచిపోతారు.

ఒక నమూనా: మొదట స్థిరపడటం 4 నిమిషాలు. బటర్‌ఫ్లై 5, అందులోకి వెళ్ళడానికి 1, తర్వాత విశ్రాంతి 1, మొత్తం 7. స్ఫింక్స్ కూడా అంతే, 7. డ్రాగన్ ఒక్కో పక్క 3, వెళ్ళడం 1, విశ్రాంతి 1, రెండు పక్కలకు 10. స్లీపింగ్ స్వాన్ ఒక్కో పక్క 4, దానికీ అలాగే కలిపితే 12. క్యాటర్‌పిల్లర్ 7. పడుకుని మెలిక రెండు పక్కలా 3 చొప్పున, పక్క మారడానికి 1, మొత్తం 7. ఇవి 50. శవాసనం 6. సరిగ్గా 60.

ఆరు ఆసనాలు. ఏడోది పెట్టాలంటే ఒకటి తీయాల్సిందే. శవాసనాన్ని ముట్టుకోవద్దని రాతపూర్వకంగా చెప్పండి.

ఆసనాల మధ్య ఆ నిమిషం విశ్రాంతిని రీబౌండ్ అంటారు కదా, దాన్ని ఖాళీ సమయంగా చూడకండి. ఎక్కువసేపు ఒకేలా ఉన్న కణజాలం తాత్కాలికంగా కాస్త సాగి ఉంటుంది, వెంటనే బలం పెడితే ఒళ్ళు సహకరించదు. క్యాటర్‌పిల్లర్ నుంచి లేచీ లేవగానే విన్యాస అలవాటుతో ప్లాంక్‌లోకి పంపే ట్రైనీలు ఉంటారు. అది పట్టుకోవాల్సిన తప్పు. ఐదు నిమిషాలు ముందుకు వంగాక వెంటనే వెనక్కి బాగా వంచడం కూడా అంతే. పైన బటర్‌ఫ్లైకి, స్ఫింక్స్‌కు మధ్య ఒక నిమిషం బోర్లా ఊరికే పడుకోబెట్టేది అందుకే. లేచేటప్పుడు కళ్ళు తిరిగే వాళ్ళూ ఉంటారు, పక్కకు తిరిగి, చేతి ఆసరాతో, తల ఆఖర్న లేపమనాలి.

సమస్థితి:

నెమ్మది గారూ, ఎముకలగూడు గారూ, శ్వాసలెక్క గారూ, ధన్యవాదాలు. కోర్సు లెక్క మారుస్తున్నాను. "ఏదోలా ఉందండి" అన్నదానికి ఇంకొంచెం వివరంగా చెప్పగలరా? ఏ అనుభూతికి ఆగాలి, దేనికి ఉండనివ్వాలి? అలాగే ఎవరిని ఏ ఆసనానికి దూరంగా ఉంచాలో ట్రైనీలకు ఎంతవరకు నేర్పాలి?

ఎముకలగూడు:

అనుభూతికి పేరు పెట్టడంలో తెలుగు మనకు చాలా సాయం చేస్తుంది. "నొప్పి" అనే ఒక్క మాట దగ్గర ఆగిపోకుండా, స్టూడెంట్ వాడే క్రియను వినమని ట్రైనీలకు చెప్పండి.

లాగుతోంది, బిగువుగా ఉంది, బరువుగా ఉంది, మొద్దు సలుపు: ఇవి కండరం మధ్యభాగంలో, విశాలంగా తెలుస్తుంటే ఉండొచ్చు. తీవ్రత 10కి 4, 5 దగ్గర ఉంటే బాగు. 7 అంటే వెనక్కి రావాలి, ఎందుకంటే యిన్‌లో మూడో నిమిషానికి అది పెరగొచ్చు.

పొడుస్తోంది, గుచ్చుతోంది, చిటుక్కుమంది, నొక్కుతోంది: కీలు దగ్గర, వేలితో చూపించగలిగేంత చిన్న చోట అయితే మార్పు వెంటనే చేయాలి.

జివ్వుమంటోంది, తిమ్మిరెక్కింది, చీమలు పాకుతున్నట్టుంది, కరెంటు కొట్టినట్టుంది, మంటగా ఉంది, మొద్దుబారింది: ఇవి నరానికి చెందిన మాటలు. బయటికి రావాల్సిందే, ఇంకో నిమిషం చూద్దాం అనడానికి లేదు. మోకాలి బయటి వైపు, కాస్త కిందుగా నరం ఎముకను చుట్టుకుని చర్మానికి దగ్గరగా వెళ్తుంది. షూలేస్‌లో, మడమల మీద కూర్చునే ఆసనాల్లో అది నొక్కుకుని పాదం మొద్దుబారుతుంది. మెల్టింగ్ హార్ట్‌లో వేళ్ళు తిమ్మిరెక్కితే మోచేతులు మడిచి చేతులు కిందికి దించాలి. క్యాటర్‌పిల్లర్‌లో తొడ వెనక నుంచి పిక్క దాకా జివ్వుమంటే మోకాళ్ళ కింద చుట్ట పెట్టి, పాదాలు వదులు చేసి, తల పైకెత్తించండి. మడమ నెట్టి పాదం లాక్కోవడం, గడ్డం దించడం రెండూ ఆ నరాన్ని ఇంకా బిగిస్తాయి. ఇవి చేసినా తగ్గకపోతే ఆ ఆసనం ఆ రోజుకు వద్దు.

కూర్చునే ఎముక దగ్గర, అంటే పిరుదు అడుగున, ఒకే చుక్కలో సలిపితే జాగ్రత్త. అది హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) మొదలయ్యే చోటు. బాగా ముందుకు వంగినప్పుడు ఆ స్నాయువు ఎముకకు నొక్కుకుపోతుంది. బిగుసుకుందనుకుని రోజూ ఇంకా వంగేవాళ్ళకు అది నెలల తరబడి తగ్గదు. టీచర్లలోనే ఈ సమస్య ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి మీ 12 మందినీ ముందే అడగండి.

"బాగుందా?" అని అడగొద్దు. మర్యాదకు అందరూ బాగుందనే అంటారు. "ఎక్కడ తెలుస్తోంది, చేత్తో చూపించండి" అనాలి.

నెమ్మది:

ఎవరికి ఏది వద్దు అన్నదానికి నావి కొన్ని. ట్రైనీలు వైద్యం చేయకూడదు, కానీ ఇవి తెలియకుండా క్లాసు తీసుకోకూడదు.

ఒళ్ళు అతిగా వంగేవాళ్ళు: యిన్ వీళ్ళకే ఎక్కువ నచ్చుతుంది, జాగ్రత్తా వీళ్ళకే ఎక్కువ కావాలి. బేటన్ పరీక్ష నేర్పండి. రెండు చిటికెన వేళ్ళు 90 డిగ్రీలు దాటి వెనక్కి వంగడం, రెండు బొటనవేళ్ళు ముంజేతికి తగలడం, రెండు మోచేతులు, రెండు మోకాళ్ళు 10 డిగ్రీలు మించి వెనక్కి పోవడం, మోకాళ్ళు మడవకుండా అరచేతులు నేలకు ఆనడం. మొత్తం 9 మార్కులు. 50 ఏళ్ళలోపు పెద్దవాళ్ళలో 5, ఆపైన వయసులో 4 వస్తే అతి వంపు కిందికే వస్తుంది. వీళ్ళకు చివరిదాకా వెళ్ళినా ఏమీ తెలియదు, తెలియట్లేదని ఇంకా దిగుతారు. చాలా ముందే ఆపి, కింద బోల్స్టర్ (పొడవాటి గట్టి దిండు) నింపి, సమయం తగ్గించి, కండరాన్ని కాస్త పనిచేయించాలి.

ఎముకలు గుల్లబారినవాళ్ళకు వెన్ను గుండ్రంగా వంచి వదిలేసే ఆసనాలు, బలంగా మెలితిప్పేవి వద్దు. వెన్ను నిటారుగా ఉంచి తుంటి దగ్గరే వంగేలా, లేదా వెల్లకిలా పడుకుని కాలు స్ట్రాప్‌తో పట్టుకునేలా చేయించాలి. గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉంటే తల గుండె కంటే కిందికి వెళ్ళే డాంగ్లింగ్, స్నెయిల్ ఆసనాలు వద్దు. తుంటి మార్పిడి జరిగినవాళ్ళకు సర్జన్ ఇచ్చిన హద్దులే చివరి మాట. వెనక వైపు నుంచి చేసిన ఆపరేషన్లకు సాధారణంగా 90 డిగ్రీలు దాటి మడవడం, కాలు అడ్డంగా దాటించడం, లోపలికి తిప్పడం వద్దంటారు. షూలేస్‌లో మొదటి రెండూ ఉంటాయి, కూర్చునే తీరును బట్టి మూడోదీ చేరుతుంది. డిస్కు సమస్యతో కాలికి నొప్పి దిగేవాళ్ళకు గుండ్రంగా వంగే బటర్‌ఫ్లై, క్యాటర్‌పిల్లర్ ఆపాలి. గర్భిణులను నెలలు నిండేకొద్దీ ఎక్కువసేపు వెల్లకిలా ఉంచొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

చేత్తో నొక్కడం గురించి ఒకే మాట: వద్దు. కండరం వదులుగా ఉన్న మనిషి మీద టీచర్ బరువు వేస్తే, ఆపుకునే శక్తి ఆ క్షణంలో వాళ్ళకుండదు. దుప్పటి జరపడానికి, తల కింద బ్లాకు పెట్టడానికి మాత్రం చేయి వాడండి. అదీ అడిగాకే.

శ్వాసలెక్క:

సంప్రదాయానికి 3 గంటలు చాలన్నారు కదా, నాదీ అదే మాట. అయితే ఆ మూడింట్లో ఏం చెప్పాలో తేల్చుకోండి.

పాలీ జింక్ తావో పద్ధతి నుంచి నేర్పినది, పాల్ గ్రిల్లీ దాన్ని అనాటమీతోనూ హిరోషి మోటోయామా దగ్గర నేర్చుకున్న మెరిడియన్ ఆలోచనతోనూ కలిపి బయటికి తెచ్చినది, సారా పవర్స్ బౌద్ధ ధ్యానాన్ని జోడించినది: ఈ పరంపర ట్రైనీలకు తెలియాలి. కాలి లోపలి వైపు కాలేయం, మూత్రపిండాలు, ప్లీహం దారులని, బయటి వైపు పిత్తాశయం దారి అని, వెనక మూత్రాశయం దారి అని సంప్రదాయం చెబుతుంది. ఆసనాలు ఎంచుకోవడానికి అదొక చక్కని చట్రం. కానీ "ఈ ఆసనం మీ కాలేయాన్ని శుభ్రపరుస్తుంది" అని క్లాసులో అనకూడదు. "ఫాసియా (కండరాలను చుట్టి ఉండే పొర) కరుగుతోంది", "తుంటిలో దాచుకున్న దుఃఖం బయటికొస్తోంది" అన్నవీ అంతే. ఎవరైనా ఏడిస్తే పక్కన టిష్యూ పెట్టి, ఇష్టమైతే బయటికి రావచ్చని మెల్లగా చెప్పి వదిలేయాలి. అర్థం చెప్పడం టీచర్ పని కాదు.

ఇంకోటి. లిగమెంట్లు (ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీలు) సాగి పొడవవుతాయని ట్రైనీలు చెబుతుంటారు. లిగమెంటు సాగి ఉండిపోతే కీలు వదులవుతుంది, అది మనం కోరుకునేది కాదు. వారాల తరబడి సాధనతో వంపు పెరగడానికి ప్రధాన కారణం సాగుడును నాడీవ్యవస్థ ఇంకా సహించగలగడమేనని వెప్లర్, మాగ్నుసన్ 2010లో రాసిన సమీక్షలో వాదించారు. ఈ వివరణ నేర్పితే ట్రైనీ మాట కూడా మారుతుంది. "ఇంకా సాగదీయండి" పోయి "ఇక్కడ ఉండగలరేమో చూడండి" వస్తుంది.

సమస్థితి:

చివరిగా ఒక్కటి. ట్రైనీ సిద్ధంగా ఉన్నారని ఎలా తేల్చాలి? రాతపరీక్ష సరిపోదని అర్థమైంది.

నెమ్మది:

ఒక్కొక్కరికీ 30 నిమిషాల క్లాసు ఇవ్వండి, మూడు ఆసనాలు. 12 మందికి 6 గంటలవుతుంది. ఇది నేను చెప్పిన 10 గంటల నుంచి తీయకూడదు, 50 గంటలు అయ్యాక వేరే రోజు పెట్టుకోండి. చేసేవాళ్ళు నలుగురు చాలు, వాళ్ళలో ఇద్దరికి ముందే చీటీలివ్వండి. ఒకరికి "స్లీపింగ్ స్వాన్‌లో మోకాలు పొడుస్తోంది, కానీ నువ్వుగా చెప్పొద్దు, ముఖంలో చూపించు". ఇంకొకరికి "ఏమీ తెలియట్లేదని ఇంకా ఇంకా దిగు".

చూడాల్సినవి: మొదటి వ్యక్తిని నిమిషంలోపు కనిపెట్టారా? కనిపెట్టాక మడమ, దుప్పటి, ఆసనం మార్పు అనే వరసలో వెళ్ళారా? రెండో వ్యక్తిని ఆపారా, మెచ్చుకున్నారా? మౌనం ఎంతసేపు నిలబెట్టారు? రెండు పక్కలకూ ఒకే సమయం ఇచ్చారా? (కుడికి 4 నిమిషాలు, ఎడమకు 3 ఇవ్వడం చాలా మామూలు తప్పు, అందుకే స్టాప్‌వాచ్ మీ దగ్గరుండాలి.) బయటికి వచ్చే సూచన విని కళ్ళు మూసుకునే చేయగలిగేంత స్పష్టంగా ఉందా?

మోకాలిని కనిపెట్టలేకపోయిన ట్రైనీకి మిగతావన్నీ బాగున్నా సర్టిఫికెట్ ఆపండి. 5 క్లాసుల్లో పక్కన కూర్చుని చూసి రమ్మనండి, చెప్పడానికి కాదు, కేవలం చూడటానికి. ఒక్కో ఆసనంలో ఎవరి దవడ బిగిసింది, ఎవరు ఊపిరి పట్టారు, ఎవరి కాలివేళ్ళు ముడుచుకున్నాయి అని నిమిషం వారీగా రాసుకురావాలి. ఆ కాగితాలు మీ ముందు పెట్టాక మళ్ళీ పరీక్ష.